పరుగెత్తాక వేలాడాలి

అడ్డంకుల పరుగుకి కొత్తగా పేరిచ్చినవాళ్లను భయపెట్టేవి ఫొటోల్లో కనిపించే గోడలు, ముళ్లతీగలు, బురద. నిజంగా ఓడించేవి అవి కావు. గోడ దగ్గర వెనకవాడు భుజం ఇస్తాడు. ముళ్లతీగ కింద ఎవరైనా పాకేస్తారు, మోచేతులు కాస్త చెక్కుకుపోతాయి, అంతే. మూడో కిలోమీటరు దాటి రొప్పుతూ వచ్చి తడి చేతులతో ఇనప కడ్డీ పట్టుకున్నామా, అప్పుడు వేళ్లు మన మాట వినవు.

మా మేనకోడలు హైదరాబాద్‌లో జరిగే డెవిల్స్ సర్క్యూట్‌కి పేరిచ్చింది. 5 కిలోమీటర్ల దారి, 15 అడ్డంకులు. “మావయ్యా, జిమ్‌లో చేరనా, క్రాస్‌ఫిట్‌కి వెళ్లనా, ఊరికే పరుగెత్తితే చాలా?” అని అడిగింది. మొదటి రెండింటికీ ఫీజు ఉంది కాబట్టి వాటి తరఫున మాట్లాడేవాళ్లున్నారు. మూడోది ఉచితం, దాని తరఫున వాదించే దిక్కులేదు. ఆ వకాల్తా నేను పుచ్చుకున్నాను.

ఒక్కో అడ్డంకి దగ్గర గడిచేది మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. మిగతాదంతా కాళ్ల పని, అదీ ఎగుడుదిగుడు మట్టినేల మీద. అందుకని వారానికి మూడు రోజులు పరుగుకే పోవాలి. ట్రెడ్‌మిల్ మీద కాదు, మట్టిదారిలో, ఎత్తుపల్లాల్లో. తెల్లవారుజామున ఉస్మానియా క్యాంపస్‌కి వెళితే కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం తయారయ్యే పిల్లలు కనిపిస్తారు. వాళ్లకు 1600 మీటర్ల పరుగుంది, లాంగ్‌జంప్ ఉంది, షాట్‌పుట్ ఉంది. పరీక్షలో ఏది అడుగుతారో అదే సాధన చేస్తారు, సిక్స్‌ప్యాక్ గోల వాళ్లకు లేదు. ఆ తెలివి మనమూ తెచ్చుకోవాలి. కాకపోతే వాళ్ల అంశాలు విడివిడిగా జరుగుతాయి, మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ ఆ వ్యవధే ఉండదు.

కాబట్టి నేను పట్టుబట్టి చేయించింది ఒక్కటే, కలిపి చేసే సాధన. 800 మీటర్లు పరుగెత్తడం, ఆగకుండా వచ్చి బార్‌కి వేలాడటం, దిగి ఇరవై బస్కీలు తీసి మళ్లీ పరుగు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషం వేలాడే మనిషి ఇలా చేస్తే అందులో సగానికే జారిపోతుంది. జారనీ. పందెంలో అక్కరకొచ్చేది ఆ సగమే. జిమ్‌లో ఏసీ కింద, అద్దం ముందు, సెట్‌కీ సెట్‌కీ మధ్య ఫోను చూసుకుంటూ తీసే పుల్లప్స్ ఎన్నయినా ఇది నేర్పవు. అలాగని పుల్లప్స్ వద్దనను. ఒక్కటీ రానివాళ్లు ఎగిరి గడ్డం బార్ పైకి చేర్చి, అక్కణ్నుంచి మెల్లగా దిగడంతో మొదలుపెట్టాలి. అయితే కండరం త్వరగానే బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు అంత త్వరగా బలపడదు. మోచేతి లోపలివైపు నొప్పి మొదలైతే ఆ వారం బార్ జోలికి పోకూడదు. ఉత్సాహవంతులు వినని మాట ఇది.

తాడు ఎక్కడానికి చేతులే కావాలనుకుంటాం. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ని చూడండి: మోకు ఒంటిని పట్టి ఉంచుతుంది, పైకి తోసేవి కాళ్లే. తాడైనా అంతే. దాన్ని ఒక పాదం అడుగు నుంచి తిప్పి రెండు పాదాల మధ్య బిగించి, దాని మీద నిలబడటం నేర్చుకుంటే చేతులకు మిగిలేది పట్టుకునే పని మాత్రమే.

ఇంతకీ ఏ పందెమో, దాని నియమాలేమిటో చదవకుండా సాధన మొదలుపెట్టడం దండగ. 2010లో అమెరికాలోని వెర్మాంట్‌లో జో డిసేనా మొదలుపెట్టిన స్పార్టన్ రేస్‌లో అడ్డంకి దాటలేకపోతే 30 బర్పీలు (నేలకు వాలి, లేచి ఎగిరే కసరత్తు) తీయాలన్నది చాలాకాలం నడిచిన శిక్ష. మూడుచోట్ల తప్పితే 90. అలాంటి పందేనికి బర్పీలూ సిలబస్‌లో భాగమే. అక్కడ బల్లెం విసరడానికి ఒక్కటే అవకాశం, కాబట్టి గురి సాధన చేయడానికి ఊళ్లో గడ్డివాము ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అదే ఏడాది పుట్టిన టఫ్ మడర్‌ది పూర్తిగా వేరే ధోరణి. గడియారంతో పోటీ కాదు, ఒకరినొకరు ఎక్కించుకుంటూ పోవడం. దానికి ఒంటరిగా తయారయ్యేకన్నా వెంట వచ్చే స్నేహితులతో కలిసి తయారవడం మేలు.

మేనకోడలు చూసే వీడియోల సంగతీ చెప్పాలి. ఉయ్యాల్లాంటి రింగుల మీద కోతిపిల్లల్లా దూకే వీరులు వాటిలో ఉంటారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆధునిక పెంటాథ్లాన్ నుంచి గుర్రపు స్వారీ తీసేసి ఆ బాపతు అడ్డంకుల పరుగునే పెడుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది. అయితే అది వంద మీటర్ల లోపు ముగిసే వ్యవహారం, మనది 5 కిలోమీటర్లు. ఆ విన్యాసాలకు ఖర్చుపెట్టే గంట పరుగు నుంచే తీయాలి కదా అన్నాను. మూతి ముడుచుకుంది గానీ కాదనలేదు.

చివరివారం పని తక్కువ. ఒకసారి బూట్లు తడిపి పరుగెత్తి చూడాలి, నీళ్లు బయటికి పోతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. కాటన్ టీషర్ట్ వద్దు, తడిస్తే బరువు. అరచేతుల బొబ్బలు మానాలి కాబట్టి బార్ ముట్టుకోవద్దన్నాను.

“గ్లవుజులు కొననా మావయ్యా?”

“బురద అంటితే జారతాయమ్మా. ఆ డబ్బులతో మంచి సాక్సులు కొనుక్కో.”