మాయానగరంలో కౌలు

ఇటీవల కంచికచర్లలో జరిగిన కథాపఠనంలో ఒక యువ కథకుడు తన అముద్రిత కథ వినిపించాడు. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరు మెటాగా మార్చుకున్నాక మన పత్రికల్లోనూ మారుమోగిన మెటావర్స్ వ్యాపారమే అందులో వస్తువు. ఈ వస్తువు మీద ఇక్కడినుంచి కథ రావటం విశేషమే. ఐతే సభలో మోగిన చప్పట్లలో సగానికే ఆ కథ అర్హమని నా అభిప్రాయం.

కథానాయకుడు మిరప వేసే కౌలురైతు కొడుకు. ఊళ్ళో కొట్టు పెట్టుకుందామంటే కులం అడిగి గది అద్దెకివ్వరు. అప్పుచేసి కంప్యూటరు కొని, తెర మీది లోకంలో కొట్టు తెరుస్తాడు. అక్కడి బొమ్మమనుషులకు దుస్తులు తయారుచేసి అమ్ముతాడు. లాభాలొస్తాయి. చివర కళ్ళకు తగిలించుకున్న పరికరం తీసి, "అంతా మాయ" అని నవ్వుతాడు.

"అక్కడ నన్నెవరూ కులం అడగరు" అనే వాక్యం దగ్గర సభ నిశ్శబ్దమైంది. 1968లో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టిన ఊరది. కలేకూరి ప్రసాద్ పుట్టిన ఊరూ అదే. అక్కడ నిలబడి ఆ వాక్యాన్ని పలాయనవాదమని కొట్టిపారెయ్యటం విమర్శకుడికి తగదు. (నా పక్కన కూర్చున్న మిత్రుడు సరిగ్గా ఆ పనే చేశాడు.) ముఖం కనపడనిచోటే గౌరవం దొరుకుతుందని ఒక యువకుడికి తోచటం సమాజం మీద అభియోగం. కథకు బలం ఇదే.

నా పేచీ ఆ కొట్టుతో. అది ఎవరి స్థలంలో ఉంది? కథకుడు చెప్పడు. లిండెన్ ల్యాబ్ అనే అమెరికన్ కంపెనీ 2003లో 'సెకండ్ లైఫ్' అనే ఇలాంటి లోకాన్నే తెరిచింది. అక్కడ చెప్పుకోదగ్గ స్థలం కొన్నవాడు కూడా నెలనెలా కంపెనీకి రుసుము కట్టాలి. కొన్నా కౌలుదారే అన్నమాట. ఆ లోకంలో పదిలక్షల డాలర్ల ఆస్తి సంపాదించానని 2006లో ప్రకటించిన ఐలిన్ గ్రాఫ్‌ను ఆదర్శంగా చూపిస్తుంటారు. చైనాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఆమె, ఆన్షీ చుంగ్ అనే మారుపేరుతో పెద్ద స్థలాలు కొని, ముక్కలు చేసి అమ్మింది, అద్దెకిచ్చింది. ఆ వ్యాపారానికి చైనాలోని వుహాన్‌లో కార్యాలయం తెరిచి జీతగాళ్ళను పెట్టుకుంది. హైదరాబాదు–విజయవాడ రహదారి పక్కన పొలాలు ప్లాట్లవటం చూసిన కంచికచర్ల పాఠకుడికి ఈ కిటుకు విడమర్చి చెప్పనక్కర్లేదు. అవకాశం లేదనను, ఉంది. కాని పెట్టుబడితో ముందుగా వచ్చినవాడికి స్థలం మీద రాబడి; వెనక వచ్చినవాడికి కౌలు పోగా మిగిలింది.

తండ్రి కౌలురైతు, కొడుకూ కౌలుదారే. ఇంత పోలిక కథలోనే పడివుండగా కథకుడి దృష్టి దానిమీద పడలేదు.

"అంతా మాయ" అనే ముగింపు ఈ లోపం మీద కప్పిన దుప్పటి. 1957 నాటి 'మాయాబజార్'లో మాయానగరం కట్టేవాళ్ళెవరో, ఎందుకు కడుతున్నారో ప్రేక్షకుడికి ముందే తెలుసు, మోసపోయేది కౌరవులే. ఈ కథలో పాఠకుడికి విడిది కౌరవులతోనే! ఇక్కడ మాయ మాటున శ్రమ కూడా అదృశ్యమైంది. 'లైఫ్ ఆఫ్ పై' దృశ్యమాయలకు 2013లో ఆస్కార్ వచ్చేనాటికి, వాటిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ దివాలా పిటిషన్ వేసివుంది. ఆ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. తెర మీది పులి మాయే కావచ్చు, దాన్ని గీసినవాడి జీతం మాయ కాదు.

రుసుము కట్టాల్సిన తేదీ దగ్గర కథ మళ్ళీ మొదలుపెట్టమని సభ ముగిశాక అతనితో అన్నాను. ఒప్పుకోలేదు. "కులం అడగనిచోటికి అద్దె ఎక్కువైనా కడతానండీ" అన్నాడు. ఆ మాట కథలో లేదు.