మే నెల ఎండకు తగ్గ కంప్యూటర్

ప్రొద్దుటూరులో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ కాస్తుంటే, ఏసీ లేని గదిలో కంప్యూటర్ క్యాబినెట్ లోపల 50 దాకా పోవచ్చు. జమ్మలమడుగులోనైనా పులివెందులలోనైనా డెస్క్‌టాప్ కట్టించుకునేవాళ్ళు లెక్క మొదలుపెట్టాల్సింది ఇక్కడినుంచే.

ప్రాసెసర్ తినే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. వాట్‌కు అర డిగ్రీ పెంచే హీట్‌సింక్ కింద 65 వాట్ల చిప్ పెడితే, చుట్టూ ఉన్న గాలికంటే 32 డిగ్రీలు పైకి పోతుంది. గాలి 30 ఉంటే చిప్ 62, గాలి 50 ఉంటే 82. చాలా చిప్పులు 100 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అందుకే ఫ్యాన్లు పెంచుకుంటూ పోవడంకంటే వేడి తక్కువ పుట్టే చిప్‌ను ఎంచుకోవడమే తెలివైన పని. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 రేటింగు 6 వాట్లే. బంగారు అంగట్లో బిల్లులకూ పిల్లల పాఠాలకూ నిక్షేపంగా సరిపోతుంది. పెద్ద గేములకు చాలదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటర్‌కు అసలు ఫ్యానే లేదు. రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు దానికోసం వేడి తక్కువ పుట్టే స్విచింగ్ పవర్ సప్లై తయారుచేశాడు.

అయితే మన ఎండల్లో ఫ్యాన్ మొత్తానికే తీసెయ్యమని చెప్పను. పెద్ద ఫ్యాన్‌ను నిదానంగా తిప్పాలి. వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది గానీ, కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు 15 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. 80 మి.మీ. ఫ్యాన్ బదులు 140 మి.మీ. ఫ్యాన్ పెట్టమనేది ఇందుకే. గాలి ముందువైపు కిందినుంచి వచ్చి, వెనక పైనుంచి పోవాలి. మన మట్టిమిద్దెలకు గవాచి పెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు: వేడి గాలికి పైన దారి ఉండాలి.

చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు కందిగింజంత చాలు. మందంగా పూస్తే అదే వేడికి అడ్డం. నాపరాళ్ళ పాలిష్ మిషన్ల దగ్గర దుమ్ము విపరీతం కాబట్టి ముందు జాలీ ఫిల్టర్ తప్పనిసరి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగు పోతుంది. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. ఆ కెపాసిటర్లకు పది డిగ్రీల వేడి తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు. ఎర్తింగ్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్ లేకుండా మిషన్ ఆన్ చెయ్యకండి.

100 వాట్ల కంప్యూటర్ పది గంటల్లో ఒక యూనిట్ తింటే, 15 వాట్లది ఆరో వంతు కూడా తినదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఎంతసేపు నిలుస్తుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

కట్టడం అయ్యాక పరీక్ష రాత్రిపూట చెయ్యొద్దు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి, ఒక గంటసేపు పూర్తి పని పెట్టి చూడాలి. చిప్ 85 దాటితే బయాస్‌లో పవర్ లిమిట్ తగ్గించి, మళ్ళీ ఓ గంట నడిపించాలి.