వకీలు రాసిన సమైక్యత

జాతీయ సమైక్యత అన్న మాట చెవిన పడగానే మేము కాస్త సర్దుకుని కూర్చుంటాం. సభలో తలలన్నీ మావైపు తిరిగినట్టుంటుంది. ఆ మాటనే చట్టంగా మలచడానికి పాటుపడిన ముస్లిం వకీలు ఒకాయన ఉన్నాడు. దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని లనావో ప్రాంతం వాడు, అహ్మద్ దొమకావ్ అలొంతో. ఆయన జీవితంలో మా ముఖం కొంత కనబడుతుంది గనుక నిదానంగా చదవాల్సి ఉంది.

ఆయన 1914లో పుట్టాడు. తండ్రి అలౌయా అలొంతో రామైన్ సుల్తాన్. 1934 రాజ్యాంగ సభలో ఆ తండ్రి, మమ్మల్ని 'మోరో'లనకండి, మహమ్మదీయ ఫిలిప్పినోలనండి అని అడిగాడు. మోరో అన్నది స్పెయిన్ పాలకులు ముస్లింలకు తగిలించిన పేరు. నాలుగు దశాబ్దాలు తిరక్కుండానే మోరో జాతీయ విమోచన సంస్థ యువకులు ఆ పేరునే జెండాకెత్తారు. తండ్రి వదిలించుకోజూసిన పేరుకీ, పిల్లలు ఎత్తుకున్న పేరుకీ మధ్య నడిచింది కొడుకు రాజకీయం.

లా చదివి వకీలైన అలొంతో 1954 నాటికి ప్రతినిధుల సభలో ఉన్నాడు. సులు దీవుల్లో కమ్లోన్ తిరుగుబాటు తర్వాత 'మోరో సమస్య'పై వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఆ నివేదికలో ముస్లింల అజ్ఞానం, మతోన్మాదం అనే మాటలు దొర్లాయి. మా మీద వేసే అభియోగపత్రంలో మావాడి సంతకం! మన సచార్ కమిటీ 2006లో చదువు, కొలువు, అప్పు లెక్కలు తీసి సర్కారు బాధ్యతను బయటపెట్టింది. అక్కడ మాత్రం సమస్య బాధితుల బుర్రలోకి జారింది.

1955లో ఆయన సెనేటర్‌గా గెలిచాడు. ఆ సెనేట్‌కు 24 మంది సభ్యులు, నియోజకవర్గం దేశమంతా ఒక్కటే. క్రైస్తవులు అత్యధికులైన దేశంలో ముస్లిం అభ్యర్థి ఎవరికీ భయం పుట్టని భాషలో మాట్లాడాలి. 1957 నాటి 1888వ నంబరు చట్టంలో ఉన్నది ఆ భాషే. 'క్రైస్తవేతర ఫిలిప్పినోల' ఆర్థిక, సామాజిక, నైతిక, రాజకీయ పురోగతిని త్వరపరచి, వారిని జాతిలో సంపూర్ణంగా, శాశ్వతంగా కలపాలని దాని ఉద్దేశం. జాతీయ సమైక్యతా కమిషన్ పుట్టింది అందుకే. 'నైతిక' అన్న మాట దగ్గర మేము ఆగిపోయాం. ఉత్తరాది నుంచి వలస వచ్చినవారి చేతుల్లోకి మిందనావో భూములు పోతున్న కాలమది. భూమి పోగొట్టుకున్నవాడికి నీతి నేర్పుతామంటే ఏమనాలి?

అలాగని ఆయన్ని ద్రోహి అనేయడం సులువు, అన్యాయం కూడా. మిందనావో స్టేట్ యూనివర్సిటీ ఆయన ప్రతిపాదించిన బిల్లుతో 1955లో చట్టమైంది. 1962లో మరావీలో తరగతులు మొదలయ్యాయి. ముస్లిం, క్రైస్తవ, గిరిజన పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కమిషన్ ఇచ్చిన స్కాలర్‌షిప్పులతో పేదింటి ముస్లిం పిల్లలు మనీలా చేరారు. 1968లో కొరెగిడార్ దీవిలో సైన్యం దగ్గర శిక్షణలో ఉన్న ముస్లిం యువకులు హతులైనప్పుడు, నిలదీసినవారిలో ఆ చదువుకున్న తరం ఉంది. కలిపేసుకుందామని చదివించారు. చదువుకున్నవాళ్లు, మమ్మల్ని అడిగారా అన్నారు. 1975లో కమిషన్ రద్దయింది. యూనివర్సిటీ నిలబడింది.

ఆయనకు 1988లో ఇస్లాం సేవకు కింగ్ ఫైజల్ బహుమతి దక్కింది. 2002లో కన్నుమూశాడు. 2019లో ఏర్పడిన స్వయంపాలిత ప్రాంతం పేరులో, తండ్రి వద్దన్న 'మోరో' ఉంది: బంగ్సమోరో.

ఇంట్లో ఉర్దూలో పోట్లాడుకుని, బయట తెలుగులో అర్జీలు రాసే మాకు అలొంతో ఇబ్బంది తెలుసు. అర్జీ సర్కారు భాషలోనే రాయాలి. లేకపోతే ఎవరూ చదవరు. రాస్తూ రాస్తూ సర్కారు కళ్లతోనే మమ్మల్ని మేము చూసుకోవడం మొదలవుతుంది. అలొంతో బడి కట్టించాడు, దానికి సలాం. ఆయన సంతకం చేసిన మాటల దగ్గరే మా పేచీ. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. మేము 'మనం'లోకి రావడానికి సిద్ధమే. 'మేము'ను గడప బయట విడిచి రమ్మంటేనే తక్రారు.