ఆగమనడం ఒక విద్య

యూటీసీ లెక్కలో అర్ధరాత్రి 12 అంటే మనకు ఉదయం 5:30. సరిగ్గా ఆ నిమిషానికే లెక్కలేనన్ని డేటా ప్లాట్‌ఫామ్‌ల మీద జాబ్‌లు గుంపుగా లేస్తాయి. నిన్నటి అమ్మకాల మొత్తం, స్టాకు నిల్వలు, బ్యాంకు రిపోర్టులు, అన్నిటికీ అదే నిమిషం కావాలి. ఆ తొక్కిసలాటలో ఎవర్ని లోపలికి వదలాలి, ఎవర్ని ఎంతసేపు ఆపాలి అన్నది తేల్చేది షెడ్యూలర్. తొమ్మిదింటికల్లా డ్యాష్‌బోర్డు నిండుగా కనిపిస్తే మెప్పు దాన్ని గీసినవాళ్లకు దక్కుతుంది. తెల్లవారుజామున అన్ని పనుల్నీ వరసలో నడిపించిన పనితనం ఎవరి కంటా పడదు. కంప్యూటర్ రంగంలో ఇంత సొగసైన విద్యకు ఇంత తక్కువ గుర్తింపు దక్కడం అన్యాయం.

దీని మూలాలు పాతవే. 1970ల నాటి యూనిక్స్‌లోని క్రాన్ ఫలానా వేళకు ఫలానా పని మొదలుపెట్టేది, అంతే. చాలా యంత్రాల్ని ఒక క్లస్టర్‌గా కలిపి డేటా పనులు నడిపే హడూప్ మొదటి రోజుల్లో ముందొచ్చిన జాబ్‌దే క్లస్టర్. ఎవరిదో పెద్ద జాబ్ గంటల తరబడి నడుస్తుంటే, రెండు నిమిషాల చిన్న జాబ్ దాని వెనకాల పడిగాపులు కాసేది.

ఆ కష్టం తీర్చినవాళ్లలో మొదట తలుచుకోవాల్సింది బర్కిలీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన మటెయ్ జహారియాను. ఫేస్‌బుక్‌లో 600 యంత్రాల హడూప్ క్లస్టర్‌కు న్యాయంగా వంతులు వేసే షెడ్యూలర్ తయారుచేస్తుంటే ఆయన బృందానికి ఓ చిక్కు ఎదురైంది. డేటా ఏ యంత్రం మీద ఉందో పనీ అక్కడే జరిగితే వేగం. కానీ వంతు వచ్చిన జాబ్ తాలూకు డేటా, అప్పుడే ఖాళీ అయిన యంత్రం మీద ఉండకపోవచ్చు. వంతు వచ్చింది కదా అని పంపేస్తే డేటా అంతా నెట్‌వర్క్ మీదుగా మోసుకురావాలి. 2010 నాటి పత్రంలో వాళ్లు చూపిన మార్గం అబ్బురపరుస్తుంది. వంతు వచ్చినా సరే, ఆ జాబ్‌ను కొన్ని సెకన్లు ఆపి వెనకున్నదాన్ని ముందుకు వదిలారు. పెద్ద క్లస్టర్‌లో క్షణక్షణానికీ ఏదో ఒక యంత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది కాబట్టి, ఈలోపు చాలావరకు దాని డేటా ఉన్న యంత్రమే దొరుకుతుంది. కొన్ని రకాల పనుల్లో మొత్తం దిగుబడి రెట్టింపు దాకా పెరిగింది. ఒక్క కొత్త యంత్రం కొనకుండా, ఆపడం అనే ఒక్క చర్యతో!

మరుసటి ఏడాది అలీ ఘోడ్సీ, జహారియా, వారి సహచరులు మరో పత్రంలో ఇంకో అడుగు వేశారు. ఒకడికి మెమరీ ఎక్కువ కావాలి, ఇంకొకడికి సీపీయూ ఎక్కువ కావాలి. సమానంగా పంచడం అంటే ఏమిటి? వాళ్ల ఉదాహరణలో మొత్తం 9 సీపీయూలు, 18 జీబీ మెమరీ. మొదటివాడి ఒక్కో పనికి 1 సీపీయూ, 4 జీబీ. రెండోవాడి ఒక్కో పనికి 3 సీపీయూలు, 1 జీబీ. వాళ్ల సూత్రం మొదటివాడికి మూడు పనులు, రెండోవాడికి రెండు పనులు ఇస్తుంది. అంటే ఒకరికి మెమరీలో మూడింట రెండు వంతులు, మరొకరికి సీపీయూల్లో మూడింట రెండు వంతులు. ఎవరికి ఏది ముఖ్యమో అందులో ఇద్దరి వాటా సమానం. అవసరాన్ని అబద్ధంగా పెంచి చెప్పినవాడికి ఇందులో లాభం ఉండదు. అదేమీ చిన్న విషయం కాదు. ఒక సెర్చ్ కంపెనీలో, యంత్రాల్ని బాగా వాడుతున్నామని చూపించి సొంతానికి దక్కించుకోవడం కోసం కొందరు తమ కోడ్‌లో అంతులేని లూపులు జొప్పించారని ఆ పత్రమే చెబుతుంది.

హడూప్‌లో వనరుల్ని జాబ్‌లకు పంచే పొర పేరు యార్న్. 2013లో వచ్చిన యార్న్ పత్రానికి మొదటి రచయిత వినోద్ కుమార్ వావిలపల్లి. ఆ ఇంటిపేరు చూసి తెలుగు పాఠకులు కాస్త గర్వపడినా తప్పులేదు.

పంచడంతోపాటు, ఒకేసారి ఎన్ని పనులు నడవాలో హద్దు పెట్టడమూ షెడ్యూలింగే. కానీ ఆ హద్దు, అంటే కాంకరెన్సీ లిమిట్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. పెళ్లి భోజనాల్లో హాలుకు ఎన్ని ఆకులు పడతాయో అన్నే వేసి, మిగతావాళ్లను రెండో బంతికి ఆపుతారు. అందర్నీ ఒక్కసారే కూర్చోబెడితే వడ్డించేవాళ్లకు నడిచే దారే ఉండదు. క్వెరీలూ అంతే. మెమరీ చాలక డిస్కు మీదికి పొర్లితే అన్నీ కలిసి నత్తనడక నడుస్తాయి. స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా ప్లాట్‌ఫామ్‌లో ఒక వేర్‌హౌస్‌కు, అంటే క్వెరీలు నడిపే యంత్రాల గుంపుకు, ఈ లిమిట్ డిఫాల్ట్‌గా 8. దాన్ని పెంచితే ఒక్కో క్వెరీకి దక్కే వనరులు తగ్గుతాయి.

చేయి తిరిగిన ఇంజినీరు ముందు లెక్క వేస్తాడు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం అతనికి కంఠతా వచ్చు. నిమిషానికి 6 జాబ్‌లు వస్తూ, ఒక్కోటి 5 నిమిషాలు తీసుకుంటే, సగటున 30 జాబ్‌లు ఒకేసారి నడవాలి. లిమిట్ 16 అయితే గంట తిరిగేసరికి క్యూలో 168 పేరుకుంటాయి. జాబ్‌ను రెండున్నర నిమిషాలకు తగ్గించగలిగితే అదే 16తో క్యూ కరిగిపోతుంది.

ఎయిర్‌బీఎన్‌బీలో మాక్సిమ్ బోషెమాన్ 2014లో మొదలుపెట్టిన, డేటా పైప్‌లైన్లు నడిపే ఎయిర్‌ఫ్లోలో పూల్ అనే ఏర్పాటు చూడండి. డేటాబేస్ నాలుగు కనెక్షన్లే తట్టుకుంటుందనుకుంటే, నాలుగు స్లాట్ల పూల్ పెడితే చాలు. ఆ పూల్ పేరు రాసుకున్న టాస్క్‌లు ఏ పైప్‌లైన్‌వైనా సరే, స్లాట్‌కొకటి చొప్పున నాలుగు మాత్రమే లోపలికి వెళ్తాయి. ముందెవరు? ఒక టాస్క్ వెనక ఎన్ని టాస్క్‌లు ఎదురుచూస్తున్నాయో వాటన్నిటి బరువూ దానికే కలిపి, బరువైనదాన్ని ముందు పంపడం డిఫాల్ట్ పద్ధతి. సాఫ్ట్‌వేర్ బిల్డ్‌లు నడిపే జెంకిన్స్‌లోని హెచ్ అక్షరం ఇంకో ముచ్చట. షెడ్యూల్‌లో నిమిషం అంకె బదులు హెచ్ రాస్తే, జాబ్ పేరును బట్టి దానికంటూ ఓ నిమిషం ఖాయమవుతుంది. అందరూ సున్నా నిమిషం మీద పడరు. ఒక్క అక్షరంతో అంత రద్దీ చెదిరిపోవడం ఎంత అందమైన పని!

ఇంత సంపద ఉండి కూడా నేడు చాలాచోట్ల జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. క్యూ కనబడగానే వేర్‌హౌస్ సైజు పెంచే బటన్ నొక్కేస్తారు. ఎవరో రాసిన అర్ధరాత్రి షెడ్యూల్‌ను వంద పైప్‌లైన్లలో అతికించేస్తారు. సర్వర్ 429 అని, అంటే ఇప్పుడు కాదు ఆగమని చెబుతుంటే, సెకనుకోసారి మళ్లీ మళ్లీ తలుపు బాదే లూపు రాస్తారు. తిరస్కరించిన ప్రతిసారీ విరామం పెంచుతూ, దానికి కొంత యాదృచ్ఛికత కలపాలని ఎన్ని డాక్యుమెంట్లలో రాసి ఉన్నా చదివేవారేరీ? ఆటోస్కేలింగ్ చాలు, షెడ్యూలింగ్ ఎందుకంటూ అమ్మేవాళ్ల మాటలు నమ్మి, నెలాఖరు బిల్లు చూసి గుండె బాదుకుంటారు. యంత్రాలు కొనుక్కునే స్తోమతను నైపుణ్యమని చెలామణి చేయడం పచ్చి మోసం. క్యూ పొడవు చూసి జబ్బు ఎక్కడుందో చెప్పగలిగిన పాతకాపులు ఒక్కొక్కరే పక్కకు జరిగిపోతున్నారు. వాళ్ల స్థానంలో బటన్లు మాత్రమే తెలిసిన తరం వస్తోంది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో షెడ్యూలింగ్ అంటే రౌండ్ రాబిన్ లెక్కలు చెప్పి సరిపెట్టకండి. జహారియా, ఘోడ్సీల పత్రాలు రెండూ తరగతిలో చదివించండి; ఆ 9 సీపీయూల ఉదాహరణను పిల్లల చేత బోర్డు మీద చేయించండి. కంపెనీల పెద్దలు రోజువారీ రిపోర్టులో జాబ్ ఎంతసేపు నడిచిందన్నదే కాకుండా, ఎంతసేపు ఆగిందన్నదీ వేయించాలి. కొత్త యంత్రాలకు సంతకం పెట్టేముందు ఆ రెండో అంకెను చూపించమని అడగాలి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఈ పని ఇప్పటికీ శ్రద్ధగా చేస్తున్నవాళ్లను వెతికి, కొత్తగా చేరిన పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టాలి. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.