ఎనిమిది మెట్ల పరుగు

తొమోయె బడిలో ఆటల పండుగ ఏటా నవంబరు 3న జరిగేది. బడి పెట్టిన కొబయాషి మాస్టారు ఆ తేదీని ఊరికే పెట్టలేదు. శరత్కాలంలో ఏ రోజున వాన అతి తక్కువసార్లు పడిందో పాత లెక్కలు వెతికి మరీ ఆ రోజును పట్టుకున్నారు. ఆ బడిలోనే చదివిన టెట్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన 'తొత్తోచాన్', మనవాళ్లు 'రైలుబడి'గా చదువుకున్న పుస్తకం, ఈ సంగతిని క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. నాకు మాత్రం అక్కడ ఆగాలనిపిస్తుంది. పిల్లల పండుగ తడవకూడదని వానల చరిత్ర తిరగేసిన మనిషి, ఆ పండుగలోని ఆటలను ఇంకెంత శ్రద్ధగా కూర్చి ఉంటారు!

సొసాకు కొబయాషి యూరప్ వెళ్లి, లయను ఒంటి కదలికతో నేర్పే డాల్‌క్రోజ్ పద్ధతిని అభ్యసించి వచ్చారు. 1937లో టోక్యోలోని జియుగఓక ప్రాంతంలో ఈ బడి పెట్టారు. పిల్లలు యాభై మంది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. పుస్తకం చదివినవాళ్లంతా ఆ పెట్టెల గురించే మురిసిపోతారు. ఆయన అసలు పనితనం ఆటల పండుగలో ఉందని నా నమ్మకం.

బడిలో తకహాషి అనే పిల్లవాడు ఉండేవాడు. కాళ్లూ చేతులూ పొట్టివి, ఎదుగుదల ఆగిపోయింది. మామూలు పరుగు పందెం పెడితే అతని స్థానం ఏదో ముందే తెలిసిపోతుంది. మాస్టారు పెట్టిన ఆటల్లో తాడు లాగుడు, మూడుకాళ్ల పరుగు తప్ప మిగతావేవీ ఇంకే బడిలోనూ కనిపించేవి కావు.

ఒకటి చేప పందెం. జపాన్ ఇళ్ల ముందు మే నెల పండుగకు ఎగరేసే గుడ్డ చేపలను నేల మీద పరిచారు. పిల్లలు పరుగెత్తుకొచ్చి నోట్లోంచి దూరి, లోపల పాక్కుంటూ తోకలోంచి బయటపడి, బయలుదేరిన చోటికి తిరిగి చేరాలి. పెద్ద ఒళ్లు ఆ గుడ్డ గొట్టంలో చిక్కుకుంటుంది, చిన్న ఒళ్లు దూసుకుపోతుంది. ఇంకొకటి అమ్మను వెతికే పందెం. పక్కకు వాల్చి పెట్టిన నిచ్చెన మెట్ల సందుల్లోంచి దూరి, బుట్టలోని కవరు తీసి, అందులో ఎవరి అమ్మ పేరుంటే ఆమెను జనంలో వెతికి, చెయ్యి పట్టుకుని గమ్యానికి తీసుకురావాలి. చివరిది హాలు ముందున్న ఎనిమిది సిమెంటు మెట్లెక్కి దిగే రిలే పందెం. ఆ మెట్ల ఎత్తు మామూలుకన్నా తక్కువ. ఒక్కొక్క మెట్టే ఎక్కాలని నియమం. పొడుగు కాళ్లవాళ్లు తడబడ్డారు. తకహాషి పొట్టి కాళ్లు టకటకా ఎక్కి దిగాయి. పందెం మీద పందెం, మొదటి బహుమతి తకహాషిదే.

ఇందులో పనితనం చూడండి. తకహాషికి వేరే పందెం పెట్టలేదు. నాలుగు అడుగులు ముందు నిలబెట్టలేదు. ఓదార్పు బహుమతి ఇవ్వలేదు. అందరికీ ఒకే గీత, ఒకే నియమం, ఒకే ఈల. మారినదల్లా కొలత. దర్జీ ఒంటి కొలతలు తీసుకున్నట్టు, ఆ పిల్లవాడి ఒళ్లు ఏం చేయగలదో మాస్టారు ముందు చూసుకున్నారు, పందేన్ని దానికి సరిపడా కుట్టారు. మిగతా పిల్లలు నిజంగానే గెలవాలని పరుగెత్తారు కాబట్టి తకహాషి గెలుపు నిజమైన గెలుపు. తోటివాళ్లకు అనుమానం కూడా రాలేదు. ఆ ఆటల వెనుక ఉన్న ఆలోచన రచయిత్రికైనా పెద్దయ్యాకే తట్టింది. తాను చేసిన మేలు చేసినట్టు కనబడకుండా చేయడం టీచర్లకు అన్నిటికన్నా కష్టమైన విద్య అనుకుంటాను. మన బళ్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లవాణ్ణి వేదిక మీదికి పిలిచి, అతని కోసం చప్పట్లు కొట్టించడం చూస్తుంటాం. ఉద్దేశం మంచిదే. ఆ చప్పట్లు ఎందుకో పిల్లవాడికి తెలుసు, అదే బాధ.

బహుమతులు కూడా విచిత్రమే: ముల్లంగి, పాలకూర లాంటి కూరగాయలు! వీటిని ఇంటికెలా పట్టుకెళ్లాలని పిల్లలు సిగ్గుపడితే, ఇవి మీరు సంపాదించినవి, ఈ పూట ఇంట్లో అందరూ మీ కష్టం తింటారు అనే భావం మాస్టారు వాళ్ల మనసుల్లో వేశారు.

ఆయన కోపం కూడా అంతే శ్రద్ధగా ఉండేది. క్లాసు టీచరు ఒకామె పాఠంలో భాగంగా తకహాషిని నీకు తోక ఉందా అని సరదాకు అడిగింది. ఆ మాట ఆ పిల్లవాడికి ఎలా తగులుతుందో ఆమెకు తోచలేదు. మాస్టారు ఆమెను గట్టిగానే మందలించారు, కానీ మిగతా టీచర్లుండే గదిలో కాదు, వంటగదిలో. పిల్లవాడి మర్యాద కాపాడటానికి టీచరు మర్యాద తీయలేదు. ప్రధానోపాధ్యాయులు ఈ ఒక్క ఘట్టాన్ని మళ్లీ మళ్లీ చదవాలి.

మధ్యాహ్న భోజనం డబ్బాల సంగతి పుస్తకం చదివినవాళ్లందరికీ గుర్తుంటుంది. కడలి నుంచి ఒకటి, కొండనేల నుంచి ఒకటి ఉంటే చాలన్నారు మాస్టారు. పోషకాహారం అని ఉపన్యాసం ఇస్తే లేనివాళ్ల తల్లులు కుంగిపోతారు. ఈ మాటకు ఎండు చేప ముక్కా, కాస్త కూరా సరిపోతాయి. ఏదైనా తక్కువైతే మాస్టారి భార్య రెండు గిన్నెలతో వెనకే వచ్చి డబ్బాలో వేసేది. ఎవరి డబ్బా ఎవరికీ లోకువ కాలేదు.

భోజనం వేళ రోజుకొకరు మధ్యలో నిలబడి మాట్లాడాలి. ఒకడు చెప్పడానికి ఏమీ లేదన్నాడు. మాస్టారు వదల్లేదు, సరిదిద్దలేదు కూడా. పొద్దున ఏం చేశావో అడుగుతూ పోయారు. లేచాడు, అమ్మ పళ్లు తోముకోమంది, తోముకున్నాడు, బడికొచ్చాడు. మధ్యలో అన్నీ 'తర్వాత'లే. అంతా చప్పట్లు కొట్టారు. చదవడం, రాయడం నేర్పే ప్రతి టీచరూ గమనించాల్సిన చోటు ఇది. తన జీవితంలో చెప్పదగ్గది ఉందని నమ్మిన పిల్లవాడే రేపు నాలుగు వాక్యాలు రాస్తాడు. ఇంట్లో గోండీయో కోయయో లంబాడీయో మాట్లాడి, బడిలో నోరు మూసుకునే పిల్లలున్న ఊళ్లలో ఈ పని ఇంకా అవసరం. ముందు వాళ్ల భాషలోనే చెప్పనివ్వాలి.

యాభై మంది పిల్లలున్న టోక్యో బడి ముచ్చట మనకెందుకు పనికొస్తుందని అనేవాళ్లున్నారు. మన పల్లెల్లో యాభై మంది కూడా లేని ప్రాథమిక పాఠశాలలు ఎన్నో ఉన్నాయి. నిచ్చెనకు ఖర్చేమీ లేదు, మెట్లు ముందే ఉన్నాయి.

మన పండుగలూ ఇందుకు పనికొస్తాయి. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు, బంతి వరసలను వేళ్లతోనూ వాసనతోనూ గుర్తుపట్టే పని పెడితే, చూపు లేని పాప ఆ జట్టుకు నాయకురాలవుతుంది. లంబాడీ ఆడపిల్లలు తీజ్‌కు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. ఒక బుట్ట తరగతిలో పెట్టి, రోజూ మొలక ఎత్తు కొలిచి తేదీతో రాయిస్తే పండుగలో లెక్కలూ రాతా కలిసిపోతాయి. తండా పిల్ల ఆ తొమ్మిది రోజులూ మిగతావాళ్లకు టీచరు. పొలంలో పనిచేసే రైతును పిలిచి, ఆయనకు ఎంత మొహమాటంగా ఉన్నా, వ్యవసాయ గురువని పిల్లలకు పరిచయం చేసిన బడి కూడా తొమోయేనే.

1945లో బాంబుదాడిలో ఆ రైలు పెట్టెలు కాలిపోయాయి. 1963లో మాస్టారు పోయారు. తాను కలలుగన్న బడిని మళ్లీ కట్టలేకపోయారు. పుస్తకం మీద వచ్చిన రాబడితో కురొయనాగి ఒక ఫౌండేషన్ పెట్టి, బధిర నటుల నాటక బృందానికి అండగా నిలిచారు.

టీచర్లకు నా మనవి ఒక్కటే. ఈసారి ఆటల పోటీల జాబితా రాసే ముందు, పోయినేడు గీత అవతల కూర్చుని చూసిన పిల్లల పేర్లు రాసుకోండి. ఆ పేర్ల పక్కన వాళ్లకు ఏమి రాదో కాదు, ఏమి బాగా వచ్చో రాయండి. ఆటలు ఆ తర్వాత ఎంచుకోండి.