సున్నా క్రెడిట్ల పాఠం

పాఠం రాయడం కూడా ఒక ఉద్యోగమని మాలాంటివాళ్ళకి హైటెక్ సిటీ వచ్చాకే తెలిసింది. అంతకు ముందు ఇంగ్లీషులోనో, తెలుగులోనో, సోషియాలజీలోనో ఎం.ఏ. చేసిన ఆడపిల్లకి కనిపించే దారి పాఠం చెప్పడమే. అదీ పార్ట్‌టైం లెక్చరర్‌గా, గంటకింత అని లెక్కగట్టి, వేసవిలో జీతం లేకుండా. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా లేచిన ఆఫీసుల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళతో పాటు పాఠాలు రాసేవాళ్ళూ కావలసి వచ్చారు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్, కంటెంట్ డెవలపర్ అని వాళ్ళకి పేర్లు పెట్టారు. కొన్నేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన తర్వాత 2014లో నేనూ అలాంటి ఒక ఆఫీసులో చేరాను. మా టీంలో సగానికి పైగా ఆడవాళ్ళే, అందులో చాలామంది మాజీ టీచర్లే. నెలనెలా జీతం, ప్రసూతి సెలవు, రాత్రయితే ఇంటిదాకా క్యాబ్. ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే వాళ్ళెప్పుడూ పార్ట్‌టైం లెక్చరర్‌గా పని చేయలేదని నేననుకుంటాను.

అయితే ఈ పనిలో తయారయ్యే పాఠం ఎలాంటిది? దాన్ని ఒక రచనగా చదివి విమర్శించే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందు పని పద్ధతి చెప్పాలి. విషయం తెలిసిన నిపుణుడెవరో సమాచారం ఇస్తారు. మనం దాన్ని స్టోరీబోర్డుగా మారుస్తాం. ఏ తెర మీద ఏ వాక్యం, ఏ బొమ్మ, ఏ గొంతు, ఎక్కడ ప్రశ్న అన్నీ అందులో ఉంటాయి. అన్నిటికంటే ముందు రాయవలసింది అభ్యసన లక్ష్యాలు. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం చేసిన వర్గీకరణని దగ్గర పెట్టుకుని క్రియాపదాలు ఏరుకుంటాం. 'గుర్తిస్తారు', 'వివరిస్తారు', 'వర్తింపజేస్తారు' అని రాయొచ్చు. 'అర్థం చేసుకుంటారు' అని రాస్తే వెనక్కి వస్తుంది, అర్థం కావడాన్ని కొలవలేం కదా! మేం వాడే విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే ఐదు మెట్ల నమూనా 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం శిక్షణ కోసం రూపొందించినది. సైనికుడికి తుపాకీ విప్పి బిగించడం నేర్పాలంటే ఇది మంచి పద్ధతే. నేర్చుకునే మనిషి ఎవరు, ఇంతకు ముందు ఏం తెలుసు అని పాఠం మొదలుపెట్టకముందే అడగమంటుంది. కాలేజీలో నాకెవరూ ఆ ప్రశ్న నేర్పలేదు. చిక్కల్లా కొలతకి లొంగని విషయాన్ని ఇదే మూసలో పోసినప్పుడు వస్తుంది.

నా చేతికి వచ్చిన మొదటి పెద్ద కోర్సు, పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం గురించి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ వేయాలని, ఉద్యోగులకి అవగాహన కార్యక్రమాలు జరపాలని ఆ చట్టం చెప్తుంది. తప్పితే 50 వేల రూపాయల దాకా జరిమానా. దాంతో కంపెనీలన్నిటికీ ఒక కోర్సు అవసరమైంది. నలభై నిమిషాల నిడివి, చివర పది ప్రశ్నలు, 80 శాతం వస్తే సర్టిఫికెట్. ఎంతమంది పూర్తి చేశారో యాజమాన్యం తెర మీద చూసుకోవచ్చు.

స్టోరీబోర్డులో మూడో తెర మీద నేను భన్వరీదేవి గురించి రాశాను. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమం కింద 'సాథిన్'గా పనిచేసిన కుమ్మరి కులపు స్త్రీ ఆమె. బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఊళ్ళో పలుకుబడి ఉన్న కులాల మగవాళ్ళు తనపై సామూహిక అత్యాచారం చేశారని కేసు పెట్టింది. 1995లో కింది కోర్టు ఆ నేరం నుంచి నిందితుల్ని విడిచిపెట్టింది. విశాఖ, మరికొన్ని మహిళా సంస్థలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 1997 నాటి విశాఖ మార్గదర్శకాలకి, వాటి నుంచి 2013 చట్టానికి దారి వేసింది ఆ పోరాటమే. ఆమె తన ఉద్యోగం చేస్తుండగా జరిగిన హింస కాబట్టే అది 'పని స్థలం' సమస్య అయింది.

రివ్యూలో ఆ తెర పోయింది. పక్కన రాసిన కారణం, ఏ అభ్యసన లక్ష్యానికీ ఇది సరిపోవడం లేదు అని. పద్ధతి ప్రకారం ఆ మాట నిజమే. భన్వరీదేవి తెలిసినా తెలియకపోయినా చివరి పది ప్రశ్నలకి జవాబు పెట్టవచ్చు. తెర మీద '1997 – మార్గదర్శకాలు, 2013 – చట్టం' అని రెండు పెట్టెలు, మధ్యలో ఒక బాణం గుర్తు మిగిలాయి. స్త్రీలు పోట్లాడి తెచ్చుకున్న హక్కు కాస్తా కంపెనీ దయతలచి కల్పించిన సదుపాయంలా కనిపించడానికి ఆ ఒక్క కోత చాలు.

ఇక కథలు. ఇలాంటి కోర్సుల్లో రవి, ప్రియ అని ఇద్దరుంటారు. రవి ప్రియ బట్టల గురించి ఏదో అంటాడు. ప్రియ ఏం చేయాలి? ఎ, బి, సి. సరైన జవాబు 'సి', కమిటీకి ఫిర్యాదు చేయాలి. ప్రియకి కులం లేదు, మతం లేదు, ఇంటి అద్దె లేదు, పోతే దొరకదేమోనన్న భయమున్న ఉద్యోగం లేదు. ఫిర్యాదు చేస్తే ప్రమోషన్ ఏమవుతుందో, ఇంట్లో ఏమంటారో ఆ పిల్ల ఆలోచించనక్కరలేదు. ఆడవాళ్ళు నోరు మూసుకునేది సరైన జవాబు తెలియక కాదు. తెలిసీ చెప్పలేని పరిస్థితే అసలు పాఠం కావాలి. దానికి ఎ, బి, సిలలో చోటు లేదు.

అదే అంతస్తులో బాత్రూములు కడిగే హౌస్‌కీపింగ్ స్త్రీల సంగతేమిటి? కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళూ ఈ చట్టం కిందికి వస్తారు. ఆఫీసుల చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసేవాళ్ళకి కూడా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. కానీ మేం రాసిన కోర్సు ఇంగ్లీషులో ఉంది, చూడాలంటే లాగిన్ కావాలి. లాగిన్ లేనివాళ్ళు నేర్చుకునేవాళ్ళ లెక్కలోకి రాలేదు. నేర్చుకునే మనిషి ఎవరని అడిగే పద్ధతి, ఆ ప్రశ్నని డబ్బు కట్టే క్లయింట్ దగ్గరే ఆపేసింది.

ఇదే విషయాన్ని ఇదే నగరంలో మరొక రకంగా రాసినవాళ్ళున్నారు. 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' అనే ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని తెలుగు అకాడమీ 2015లో ప్రచురించింది. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ దాన్ని ఇంజనీరింగ్ విద్యార్థులకి జెండర్ కోర్సుగా పెట్టింది. రాసినవాళ్ళు ఎ. సునీత, ఉమా భృగుబండ, దుగ్గిరాల వసంత, రమా మేల్కోటే, వసుధా నాగరాజ్, అస్మా రషీద్, గోగు శ్యామల, దీపా శ్రీనివాస్, సూసీ తారు. వీళ్ళలో పలువురు 1985లో మొదలైన 'అన్వేషి'తో కలిసి నడిచినవాళ్ళు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నుంచి ఇక్కడి స్త్రీవాదులకి అలవాటైన పద్ధతి ఒకటుంది. స్త్రీల అనుభవం దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి జ్ఞానాన్ని మళ్ళీ ప్రశ్నించడం. ఈ పుస్తకం ఆ పద్ధతిని తరగతి గదిలోకి తెచ్చింది.

ఇందులో లైంగిక వేధింపుల పాఠం 'ఈవ్‌టీజింగ్' అన్న తేలిక మాటని కాదనడంతో మొదలుపెడుతుంది. అదనంగా చదవడానికి 'చూపులు' ఉంది. హింసకి ఉన్న కుల ముఖం గురించి వేరే భాగం ఉంది. ఇంటిచాకిరీ మీద ఒక పాఠం, చరిత్రలో కనిపించని తెలంగాణ స్త్రీల మీద మరొకటి, ఆడా మగా అనే రెండు గడుల్లో ఇమడని జీవితాల మీద ఇంకొకటి. మా స్టోరీబోర్డుల్లో కోతపడేవన్నీ ఇక్కడ పాఠానికి ప్రాణం. మీ ఇంట్లో పని ఎవరు చేస్తారు అన్న ప్రశ్నకి ఎ, బి, సి ఉండవు. ఎవరింటి జవాబు వాళ్ళు తెచ్చుకోవాలి, పక్కవాడి జవాబుతో తగువు పడాలి.

అంత మాత్రాన ఈ ప్రయోగాన్ని మెచ్చుకుని ఊరుకోలేం. యూనివర్సిటీ సిలబస్‌లో ఈ కోర్సు పేరు 'జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్'. 2018 నిబంధనల్లో వారానికి రెండు గంటలు, క్రెడిట్లు సున్నా. తప్పనిసరిగా పాసవ్వాలి, కానీ మొత్తం మార్కుల లెక్కలోకి రాదు. ర్యాంకు భయం లేకపోతే పిల్లలు మనసు విప్పి మాట్లాడతారని ఒక వాదన ఉంది, అందులో కొంత నిజం ఉంది. కానీ ప్రతి గంటకీ ధర కట్టే చదువులో సున్నా అంటే ఏమిటో విద్యార్థికీ తెలుసు, ప్రిన్సిపాల్‌కీ తెలుసు. మరో సబ్జెక్టు సిలబస్ మిగిలిపోతే ముందు లాక్కునేది ఈ గంటనేనని పాఠం చెప్పే స్నేహితురాళ్ళు అంటుంటారు. చెప్పేది ఎక్కువగా ఇంగ్లీషు డిపార్టుమెంటు ఆడవాళ్ళే. జరగకపోతే కుదరదు, జరిగినా లెక్కలోకి రాదు! ఇంటిపనిని కనిపించని శ్రమ అన్న పుస్తకానికే ఆ గతి పట్టింది.

ఈ పిల్లలే నాలుగేళ్ళ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులకి వస్తారు. కాలేజీలో సున్నా క్రెడిట్లతో విన్న విషయాన్ని ఇక్కడ నలభై నిమిషాల కోర్సుగా మళ్ళీ చూస్తారు. ఆ రెండిటి మధ్యా ఏం పోయిందో చూడవలసిన బాధ్యత పాఠాలు రాసేవాళ్ళది. ఇప్పుడు మొదటి చిత్తుప్రతిని కృత్రిమ మేధ నిమిషాల్లో రాసిపెడుతోంది. కొత్తగా చేరే అమ్మాయికి మిగిలే పని ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చడమే. భన్వరీదేవి ఆ కోర్సులో ఎందుకుండాలో రివ్యూలో వాదించగలిగే చదువు ఆమెకి కావాలి. అది బ్లూమ్ పట్టికలో దొరకదు, మన సాహిత్యంలో, మన ఉద్యమ చరిత్రలో దొరుకుతుంది.

అలా వాదించేవాళ్ళకి బయట నుంచి బలం కూడా కావాలి. పాఠ్యపుస్తకం మీద తొమ్మిదిమంది పేర్లున్నాయి కాబట్టి మనం వాళ్ళని మెచ్చుకోగలం, నిలదీయగలం. మా కోర్సుల మీద రాసినవాళ్ళ పేరుండదు, హక్కులు క్లయింటువి, తలుపులు లాగిన్ వెనక. నవలని సమీక్షిస్తాం, బడి పుస్తకాన్ని సమీక్షిస్తాం. ఈ నగరంలో లక్షల ఉద్యోగులు కూర్చుని చదివే పాఠాన్ని మాత్రం ఎవరూ సమీక్షించరు. యూనివర్సిటీల్లో, పత్రికల్లో ఉన్న మన రచయిత్రులు, అధ్యాపకులు చాలామంది తమ తమ సంస్థల్లో ఇలాంటి కోర్సు ఒకటి పూర్తి చేసే ఉంటారు. సర్టిఫికెట్ తీసుకుని పక్కన పెట్టకండి. అందులో ఎవరి కథ ఉంది, ఎవరి కథ లేదు, లాగిన్ ఎవరికి ఇచ్చారు అని చూసి రాయండి. లోపల కూర్చుని రాస్తున్న మాకు ఆ రాతలు పనికొస్తాయి.