ఫారం నుంచి టేబుల్ దాకా: జాంగో, ఫ్లాస్క్

వెబ్ ఫారంలో నింపిన వివరాలను డేటాబేస్‌లో చేర్చడానికి పైథాన్ వాళ్లు ఎక్కువగా పట్టుకునేవి రెండు: 2005లో బయటికొచ్చిన జాంగో, 2010లో వచ్చిన ఫ్లాస్క్. జాంగో పుట్టింది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ పట్టణపు ఒక దినపత్రిక ఆఫీసులో. డెడ్‌లైన్ల మధ్య పెరిగింది కనుక రాసిందే మళ్లీ రాయించడం దానికి గిట్టదు. పేరుకు 30 అక్షరాలు చాలని మోడల్‌లో ఒక్కసారి చెబితే, మోడల్‌ఫారం ఆ హద్దును తనే తీసుకుంటుంది.

ఫ్లాస్క్‌లో అసలు ఫారమూ లేదు, డేటాబేసూ లేదు. సాధారణంగా డబ్ల్యూటీఫారమ్స్, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ తెచ్చి కలుపుకుంటారు. అప్పుడు హద్దు రెండు చోట్ల రాయాలి. తెలుగులో పేర్లు రాయించేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. శ్రీనివాసరావు మన కంటికి ఆరక్షరాలే, పైథాన్ లెక్కకు 13. పేర్లు పట్టడం లేదని ఫారంలో హద్దు 50కి పెంచి, కాలమ్‌ను 30 దగ్గరే వదిలేశారనుకోండి. ల్యాప్‌టాప్‌లోని ఎస్‌క్యూఎల్‌లైట్ ఆ హద్దును పట్టించుకోదు, అన్నీ సేవ్ అవుతాయి. సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్ మాత్రం ఒప్పుకోదు. ఫారం నింపిన మనిషికి ఎర్రర్ పేజీ కనిపిస్తుంది.

అయినా రాసే క్షణాన్ని ఫ్లాస్క్ దాచదు, ఇది నాకు చాలా నచ్చుతుంది. ఉదాహరణకు దరఖాస్తు, ఫీజు రెండూ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ సెషన్‌కు చేర్చి ఒక్క కమిట్ కొడితే రెండూ పడతాయి, లేదా ఏదీ పడదు. జాంగోలో మామూలుగా ఏ సేవ్‌కు ఆ సేవే ఖాయమైపోతుంది. ఫీజు దగ్గర ఎర్రర్ వస్తే దరఖాస్తు ఒంటరిగా మిగులుతుంది. రెండు సేవ్‌లనూ అటామిక్ బ్లాకులో పెట్టాలని గుర్తుండాలి.

జాంగో తప్పుల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి. విద్యార్థి మూడు కోర్సులు టిక్ చేస్తాడు. లాగిన్ అయిన యూజర్‌ను జతచేయాలని ఫారం సేవ్‌లో కమిట్‌ను ఫాల్స్ చేసి, ఆ తర్వాత ఆబ్జెక్ట్‌ను సేవ్ చేస్తాం. దరఖాస్తు పడుతుంది, కోర్సులు పడవు. సేవ్_ఎం2ఎం విడిగా పిలవాలి. పిలవకపోతే ఎర్రర్ కూడా రాదు.

ఇంత తెలిసీ, జనం వివరాలు తీసుకునే పెద్ద ఫారాలకు నేను జాంగోనే ఎంచుకుంటాను. ఫారాలు నెలనెలా మారుతుంటాయి. మార్చేవాళ్లూ మారుతుంటారు. హద్దు ఒక్కచోటే ఉంటే కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా వదిలేయరు. అయితే ఆ కాపలా ఫారం దారికే పరిమితం. ఎక్సెల్ నుంచి స్క్రిప్టుతో రికార్డులు నేరుగా సృష్టిస్తే, తప్పనిసరి అనుకున్న పేరు ఖాళీగా ఉన్నా మోడల్ సేవ్ అడ్డుచెప్పదు. అలాంటి స్క్రిప్టుల్లో సేవ్‌కు ముందు ఫుల్_క్లీన్ మనమే పిలవాలి.